సముద్రం చెప్పే అంకెను నమ్మవచ్చునా?

2006వ సంవత్సరం సెప్టెంబరు మాసంలో వెలువడిన ఒక పరిశోధన వ్యాసం ప్రపంచంలోని వాతావరణ శాస్త్రజ్ఞులను కలవరపెట్టింది. 2003 నుండి 2005 వరకు ప్రపంచ సముద్రాల పైపొరలు వేడెక్కడానికి బదులు చల్లబడ్డాయని ఆ వ్యాసం సారాంశం. వ్రాసినవారు అనామకులు కారు. జాన్ లైమన్, జోష్ విల్లిస్, గ్రెగరీ జాన్సన్ అనే ముగ్గురూ ఆ రంగంలో పేరున్న అమెరికన్ శాస్త్రజ్ఞులు. వారు ఆధారపడినవి ఊహలూ కావు. నీటిలో మునిగి తేలే పరికరాలు స్వయంగా పంపిన కొలతలు. భూమి మీద అదనంగా నిలిచిపోతున్న వేడిలో నూటికి తొంభై పాళ్ళు సముద్రమే తన కడుపులో దాచుకుంటున్నదని శాస్త్రజ్ఞుల నిశ్చయం. ఆ సముద్రమే చల్లబడితే వేడి ఎక్కడికి పోయినట్లు?

లెక్క ఎక్కడో పొసగలేదు. నీరు చల్లబడితే కుంచించుకుపోవాలి. సముద్రమట్టం పెరుగుదల మందగించాలి. కాని ఉపగ్రహాలు మట్టం పెరుగుతూనే ఉన్నదని చూపుతున్నాయి. భూమికి చేరే వికిరణాన్నీ, భూమి నుండి తిరిగిపోయే వికిరణాన్నీ తూచే మరొక ఉపగ్రహ పరికరం కూడ చల్లదనాన్ని సమర్థించలేదు. అప్పుడు విల్లిస్ తన అంకెలను తానే మళ్ళీ తవ్వడం మొదలుపెట్టారు. అట్లాంటిక్ సముద్రంలో తేలుతున్న ఒక తరహా పరికరాలు మాత్రం, ఇరుగుపొరుగు పరికరాలతో పోలిస్తే, నమ్మశక్యం కానంత చల్లని నీటిని చూపుతున్నాయని 2007 ఆరంభంలో ఆయన కనుగొన్నారు. ఆ పరికరాలలో ఉష్ణమాపకం సరిగానే పనిచేసింది. కొలిచిన ఉష్ణోగ్రతను ఏ లోతుకు జతపరచాలో ఆ జతపరచడంలోనే పొరపాటు దొర్లింది. వేరొక వంక, ఓడల నుండి జారవిడిచే పాతకాలపు పరికరాలు నీటిని ఉన్నదానికంటే కొద్దిగా వెచ్చగా చూపుతూ వచ్చాయని తేలింది. వెచ్చగా చూపే పాత కొలతలు తగ్గి, కొత్త కొలతలు పెరిగేకొద్దీ సముద్రమంతా చల్లబడుతున్నట్లు కాగితం మీద భ్రమ ఏర్పడింది. శాస్త్రజ్ఞులు సవరణ ప్రకటించారు. చల్లబడినది సముద్రం కాదు, లెక్క మాత్రమే.

సముద్ర పరిశీలన అనే చదువు సారమంతా ఈ ఉదంతంలో ఇమిడి ఉన్నది. ఆకాశాన్ని పరిశీలించేవాడు తన దుర్భిణిని తుడుచుకోగలడు. ప్రయోగశాలలో పనిచేసేవాడు తన త్రాసును మళ్ళీ సరిచూసుకోగలడు. సముద్రంలో విడిచిన పరికరం చాలామట్టుకు తిరిగి రాదు. అది ఎక్కడో రెండు కిలోమీటర్ల లోతున, చీకటిలో, కటిక చలిలో ఒక అంకెను నమోదు చేసి పంపుతుంది. దానిని నమ్మాలా, వద్దా అన్నది ఒడ్డున కూర్చున్న మనిషి తేల్చుకోవాలి. పరికరాలు తయారుచేసే ఇంజనీర్లూ, సముద్రాన్ని గురించి సిద్ధాంతాలు చేసే శాస్త్రజ్ఞులూ ప్రపంచంలో ఎందరో ఉన్నారు. ఈ రెండింటి నడుమ నిలబడి ఆ అంకె మంచిచెడ్డలు నిర్ణయించగలవారు కొద్దిమంది. వారిని తయారుచేయడమే ఈ పట్టభద్రానంతర విద్య ముఖ్య ప్రయోజనం.

వాల్తేరులో పడిన విత్తనం

మన దేశంలో ఈ చదువు మొలకెత్తిన చోట్లలో ఆంధ్రతీరం ఒకటని ఇప్పటి విద్యార్థులలో ఎందరికి తెలుసునో చెప్పలేము. 1952లో అమెరికా నుండి యూజీన్ లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు ఫుల్‌బ్రైట్ ఆచార్యుడుగా వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళా పరిషత్తుకు వచ్చారు. 1955లో మళ్ళీ వచ్చి మరొక సంవత్సరం ఉన్నారు. అప్పటికి మన విశ్వవిద్యాలయాలలో సముద్రశాస్త్ర బోధన బహు అరుదు. భూగర్భశాస్త్ర శాఖను నడుపుతున్న ఆచార్య సి. మహదేవన్, ఒకప్పుడు కలకత్తాలో సి.వి. రామన్ వద్ద పరిశోధన చేసినవారు, ఈ పనికి అండగా నిలిచారు. భారత నౌకాదళం ఓడలను ఎరువిచ్చింది. విద్యార్థులు ఆ ఓడల మీద బంగాళాఖాతంలోకి వెళ్ళి నీటి ఉష్ణోగ్రతలు, లవణీయత, అడుగు మట్టి నమూనాలు సేకరించి తెచ్చారు. వాటి ఫలితాలు 1954లోను, 1958లోను విశ్వకళా పరిషత్తు ప్రచురించిన రెండు సంపుటాలలో వచ్చాయి.

ఆ కాలపు ముఖ్యమైన పరికరం ఒక లోహపు గొట్టం. దానిలోపల పొగ పట్టించిన చిన్న గాజుపలక ఉండేది. గొట్టం తీగకు కట్టి ఓడ నుండి దించితే, లోతు పెరిగేకొద్దీ పీడనం వల్ల పలక ఒక దిక్కుకు కదిలేది. ఉష్ణోగ్రత మారినప్పుడల్లా సన్నని ముల్లు మరొక దిక్కుకు కదిలేది. పైకి తీశాక పలక మీద ఒక వంకర గీత మిగిలేది. భూతద్దం క్రింద పెట్టి, గళ్ళు గీసిన మరొక గాజుతో పోల్చి, ఆ గీత నుండి ఉష్ణోగ్రతను చదివేవారు. అటువంటి గీతల నుండే, సంవత్సరంలో ఒక ఋతువున లోపలి చల్లని నీరు మన తూర్పు తీరం వెంబడి పైకి ఉబుకుతుందని, మరొక ఋతువున తీరపు నీరు క్రిందికి దిగుతుందని లాఫాండ్ వర్ణించారు. చల్లని నీరు పైకి వచ్చినప్పుడు దానితోపాటు పోషక లవణాలు వస్తాయి. వాటి వెంట చేపలు వస్తాయి. ఖండపు అంచున సముద్రగర్భంలో కనిపించిన లోయలకు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. నేల మీద ఎన్నడూ కానరాని ఈ లోయలలో ఒకదానికి తెలుగువారి పేరే ఉన్నది.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పుకోవచ్చు. 1960వ దశకపు పూర్వార్ధంలో జరిగిన అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్రలో మన దేశం పాల్గొన్నది. దాని ఫలంగా 1966 జనవరి 1న జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఏర్పడి గోవాలో స్థిరపడింది. 1981లో కేంద్రప్రభుత్వం సముద్రాభివృద్ధి శాఖను నెలకొల్పింది. 1983లో జర్మనీలో నిర్మించిన ‘సాగర్ కన్య’ పరిశోధన నౌక వచ్చింది. 1993లో చెన్నైలో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, 1999లో హైదరాబాదులో జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఆరంభమయ్యాయి. హుస్సేన్ సాగర్ తప్ప వేరు సాగరం లేని నగరంలో సముద్ర కేంద్రమేమిటని నవ్వినవారూ ఉండవచ్చును. కాని నేటి సముద్ర పరిశీలకునికి అలల చప్పుడు వినిపించే దూరంలో ఉండవలసిన అవసరం లేదు. ఉపగ్రహపు గొడుగు క్రింద ఉంటే చాలును.

పది రోజులకు ఒక ఊపిరి

ఈ మార్పు తెచ్చినది ముఖ్యంగా ఆర్గో అనే అంతర్జాతీయ పథకం. గ్రీకు పురాణంలో జేసన్ అనే వీరుని ఓడ పేరు అది. 2000 ప్రాంతంలో మొదలై, 2007 నవంబరు నాటికి 3,000 తేలుడు గొట్టాల లక్ష్యాన్ని చేరుకున్నది. మన దేశం 2002 నుండి హిందూ మహాసముద్రంలో తన వంతు గొట్టాలను విడుస్తున్నది. ఈ సముద్రపు ఆర్గో సమాచారానికి హైదరాబాదే ప్రాంతీయ కేంద్రం.

ఒక్కొక్క గొట్టం ఇంచుమించు పాతిక కిలోల బరువుంటుంది. దానికి చక్రాలు లేవు, రెక్కలు లేవు, తెరచాప లేదు. లోపల ఉన్న నూనెను ఒక చిన్న పంపు అడుగున ఉన్న రబ్బరు తిత్తిలోకి నెట్టితే, బరువు మారకుండానే గొట్టం పరిమాణం కొద్దిగా పెరుగుతుంది, పైకి తేలుతుంది. నూనెను వెనక్కు పీల్చితే మునుగుతుంది. ఆర్కిమిడీస్ స్నానాల తొట్టిలో కనుగొన్నాడని చెప్పే సూత్రం ఇంతకంటే పొదుపుగా ఎక్కడా ఉపయోగపడి ఉండదు. అది 1,000 మీటర్ల లోతున దాదాపు తొమ్మిది రోజులు ప్రవాహంతోపాటు కొట్టుకుపోతుంది. తరువాత 2,000 మీటర్ల వరకు దిగి, అక్కడి నుండి పైకి వస్తూ దారి పొడుగునా ఉష్ణోగ్రతను, లవణీయతను, పీడనాన్ని కొలుస్తుంది. పైకి చేరి ఉపగ్రహానికి అంకెలు అప్పగించి మళ్ళీ మునుగుతుంది. పది రోజులకు ఒకసారి ఊపిరి పీల్చే తిమింగలం వంటిదన్నమాట. బ్యాటరీ నాలుగైదేళ్ళు వస్తుంది. తరువాత అది సముద్రానికే చెల్లు.

విద్యార్థి నేర్చుకోవలసిన పాఠం ఇక్కడే మొదలవుతుంది. 2,000 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరు మీద, అంటే ఒక చిటికెన వ్రేలి గోరంత చోటు మీద, దాదాపు 200 కిలోల బరువు పడుతుంది. ఆ ఒత్తిడిలో పనిచేస్తూ డిగ్రీలో వెయ్యింట రెండు వంతుల తేడాను పట్టుకోవాలి. ఇంత సూక్ష్మం ఎందుకని అడగవచ్చు. లోతైన నీరు దశాబ్దాల కాలంలో మారేది అంత కొద్దిగానే. కొలబద్ద తప్పు కొలిచే మార్పుకంటే పెద్దదైతే ఆ కొలత వల్ల ప్రయోజనం సున్న.

లవణీయత సంగతి మరింత తిరకాసు. సముద్రపు నీటిలో ఉప్పు సగటున కిలోకు 35 గ్రాములు. పూర్వం వెండి లవణంతో రసాయన పరీక్ష చేసి దీనిని తేల్చేవారు. నేటి పరికరాలు ఉప్పును కొలవనే కొలవవు. నీటి గుండా విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తుందో కొలిచి, దాని నుండి ఉప్పును లెక్కకడతాయి. కాని విద్యుద్వాహకత ఉప్పుతో మాత్రమే కాదు, ఉష్ణోగ్రతతోను, పీడనంతోను మారుతుంది. కాబట్టి ఉష్ణోగ్రతలో చిన్న తప్పు ఉంటే ఉప్పులో పెద్ద తప్పు వస్తుంది. పైగా ఉష్ణమాపకం ఎంత వేగంగా స్పందిస్తుందో వాహకతను కొలిచే గొట్టం అంతే వేగంగా స్పందించదు. ఒకటి ఈ క్షణపు నీటిని గురించి, రెండవది క్షణం ముందటి నీటిని గురించి చెబుతాయి. రెండింటినీ అజాగ్రత్తగా కలిపితే, వెచ్చని పొర నుండి చల్లని పొరకు దాటే చోట గీత మీద ఉప్పుముల్లు పొడుచుకు వస్తుంది. అనుభవం లేనివాడు దానిని కొత్త ప్రవాహంగా భావించి మురిసిపోతాడు. అనుభవజ్ఞుడు చూచీ చూడగానే పరికరాల మధ్య కాలభేదాన్ని సరిచేయమంటాడు.

ఈ కారణంగానే ఓడ మీద శిక్షణకు బదులు లేదు. విద్యుత్ పరికరాల చుట్టూ సీసాల వలయం అమర్చిన చట్రాన్ని వించి సాయంతో దించుతారు. పైకి వచ్చేటప్పుడు నిర్ణయించిన లోతుల వద్ద ఒక్కొక్క సీసా మూత మూసుకుని అక్కడి నీటిని పట్టి తెస్తుంది. ఆ నీటిని ఓడ ప్రయోగశాలలో పరీక్షించి విద్యుత్ పరికరం చెప్పిన అంకెతో సరిపోల్చుతారు. ప్రయోగశాలలోని యంత్రాన్ని సరిచూడడానికి మళ్ళీ ఒక ప్రమాణం కావాలి. అందుకోసం లవణీయత కచ్చితంగా నిర్ణయించి, మూసిన సీసాలలో అమ్మే ప్రమాణ సముద్రజలం ఉన్నది. సముద్రం నడిమధ్యన ఉన్న ఓడ మీదికి డబ్బు పెట్టి కొన్న సముద్రపు నీటిని తీసుకుపోవడం మొదటిసారి చూచినవారికి వింతగా తోస్తుంది. దించడం, తీయడం రాత్రింబగళ్ళు వంతులవారీగా సాగుతుంది. కడుపులో తిప్పుతున్నా సీసా సంఖ్య, లోతు, సమయం తప్పు లేకుండా వ్రాయాలి. సీసాకు తప్పు అంకె వేస్తే ఆ తప్పును తరువాత ఏ గణితమూ దిద్దలేదు.

గొట్టాల నుండి వచ్చిన సమాచారాన్ని రెండు అంచెలలో వడకడతారు. మొదటి అంచె యంత్రానిది. ఒక రోజులోపల పూర్తి కావాలి. గొట్టం ఉన్న చోటు భూమి మీద పడుతున్నదా? పది రోజులలో అసాధ్యమైన దూరం ప్రయాణించిందా? ఇటువంటి ప్రశ్నలు హాస్యాస్పదంగా కనిపించినా అవసరమే. రెండవ అంచె మనిషిది. ఆ ప్రాంతంలో దశాబ్దాలుగా ఓడలు సేకరించిన కొలతలతోను, పొరుగు గొట్టాల కొలతలతోను పోల్చి నిపుణుడు నెలల తరబడి పరిశీలిస్తాడు. ఉప్పు అంకె మెల్లగా పెరుగుతూ పోతే, మాపకం అరిగిపోయిందా, లేక సముద్రమే ఉప్పెక్కుతున్నదా? రెండింటికీ గీత ఒకేవిధంగా ఉంటుంది. ఈ తీర్పు చెప్పడానికి భౌతికశాస్త్రం, గణాంకశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ మూడూ రావాలి. వీటికి మించి ఆ సముద్రం స్వభావం తెలియాలి.

మన బంగాళాఖాతం స్వభావం మరీ విడ్డూరం. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చి కుమ్మరించే మంచినీరు, దానికి తోడు వర్షాకాలపు వాన, ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటాయి. ఈ పొర మూత వలె పనిచేసి లోపలి నీటితో కలయికను అడ్డుతుంది. శీతకాలంలో పైనీరు చల్లబడినా క్రింద వెచ్చని నీరు దాగి ఉంటుంది. తుఫాను ఈ నీటి మీదుగా వచ్చినప్పుడు, మామూలు సముద్రంలో వలె అడుగు చల్లదనం సులభంగా పైకి రాదు. తుఫానుకు ఆహారం తగ్గదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికార లెక్కల ప్రకారమే పదివేల ప్రాణాలు పోయాయి. ఆనాడు సముద్రం లోపలి వేడిని గురించి కొలిచి చెప్పే ఏర్పాటు లేదు. తుఫాను దారిని ఊహించడంలో సాధించిన ప్రగతి దాని బలాన్ని ఊహించడంలో రాలేదని నిపుణులే అంగీకరిస్తారు. ఆ లోటుకు ఒక మూలకారణం పైపొర క్రింద ఏమున్నదో తగినన్ని చోట్ల తెలియకపోవడం. 2014 డిసెంబరులో ‘సాగర్ నిధి’ నౌక నుండి అమెరికాలోని వుడ్స్ హోల్ సంస్థ, మన శాస్త్రజ్ఞులు కలిసి ఉత్తర బంగాళాఖాతంలో, 18 డిగ్రీల అక్షాంశం వద్ద, రెండు కిలోమీటర్లకు పైబడిన లోతులో ఒక బోయ్‌ను లంగరు వేసి, ఏడాదికి పైగా గాలిని, ఎండను, నీటి పొరలను ఎడతెగకుండా కొలిచారు. యువ పరిశోధకులకు శిక్షణ ఇవ్వడం ఆ ఉమ్మడి కార్యక్రమపు లక్ష్యాలలో ఒకటి.

తప్పిపోయినది ఒకటి, చేరినది ఒకటి

పరికరం పోగొట్టుకోవడం కూడ ఈ చదువులో ఒక భాగమే. అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయపు విద్యార్థులు, అధ్యాపకులు కలిసి అట్లాంటిక్ సముద్రాన్ని ఒక గ్లైడర్‌తో దాటించాలని సంకల్పించారు. గ్లైడర్ అంటే రెక్కలున్న ఆర్గో గొట్టం వంటిది. మునుగుతూ తేలుతూ ఆ కదలికనే ముందుకు నడకగా మార్చుకుంటుంది. దాని వేగం మనిషి నడకకంటే తక్కువ. 2008లో వారు పంపిన గ్లైడర్ అజోర్స్ దీవుల సమీపానికి చేరి అక్కడ తప్పిపోయింది. నెలల కృషి నీటిపాలయింది. ఏమి తప్పు జరిగి ఉంటుందో విచారించి, మరొకదానిని సిద్ధం చేసి, 2009 ఏప్రిల్ 27న న్యూజెర్సీ తీరం నుండి విడిచారు.

ప్రతిసారి అది పైకి వచ్చి ఉపగ్రహం ద్వారా పలకరించినప్పుడు, ముందున్న ప్రవాహాలను ఉపగ్రహ చిత్రాలలో చూచి ఎటు తిరగాలో విద్యార్థులు ఆదేశం పంపేవారు. ఎదురు ప్రవాహంలో చిక్కితే దాని చిన్న శక్తి చాలదు; సుడులను వెతుక్కుంటూ వాటి అనుకూలపు అంచున పోవాలి. మధ్యదారిలో బార్నకిల్ జీవులు దాని ఒంటికి అంటుకుని నడకను మందగింపజేశాయి. 221 రోజులలో దాదాపు 7,400 కిలోమీటర్లు ప్రయాణించి, డిసెంబరు 4న స్పెయిన్ దేశపు బయోనా సమీపంలో అది నీటి నుండి పైకి తీయబడింది. 1493లో కొలంబస్ ఓడలలో ఒకటైన ‘పింటా’ అమెరికా వార్తతో తిరిగి చేరిన రేవు అదే. ఆ గ్లైడర్ ఇప్పుడు స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాల సొత్తు. మొదటి గ్లైడర్ మాత్రం సముద్రంలోనే ఉండిపోయింది.

మన తీరంలో పరికరాలు పోవడానికి వేరొక కారణం తోడైనది. సముద్రంలో తేలే ఏ వస్తువు క్రిందనైనా చేపలు గుమికూడుతాయి. బోయ్ చుట్టూ వల వేస్తే పంట పండినట్లే. మరబోట్లను బోయ్‌కు కట్టివేయడం, వలలు చిక్కుకుని మాపకాలు తెగిపోవడం, సౌరఫలకాలు మాయం కావడం ప్రపంచమంతటా ఉన్న బెడద. హిందూ మహాసముద్రంలో మరీ ఎక్కువ. మత్స్యకారుని తప్పు పట్టడం తేలిక. కాని అతనికి ఆ పసుపుపచ్చని డ్రమ్ము ఏమిటో ఎవరైనా చెప్పారా? అతను నడిసముద్రంలో ఉండగా వచ్చే పెద్ద అలల హెచ్చరికకు ఆధారం అటువంటి బోయ్‌లే. చేపలు ఎక్కువగా దొరికే చోట్లను గురించి హైదరాబాదు కేంద్రం తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో ఇచ్చే సూచనలు కూడ సముద్ర పరిశీలన నుండి పుట్టినవే. పరికరం ఎలా పనిచేస్తుందో మాత్రమే నేర్చి, రేవుకు వెళ్ళి నలుగురు సరంగులతో మాట్లాడడం నేర్వని విద్యార్థి చదువు అసంపూర్ణం.

ఈ చదువుకు రాదలచినవారికి దారులు అనేకం. భౌతికశాస్త్రం లేక గణితం చదివినవారు ఎం.ఎస్‌సి. మార్గాన, ఇంజనీరింగు చదివినవారు ఎం.టెక్. మార్గాన ప్రవేశించవచ్చు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కొచ్చిలో అక్కడి శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం, ఓడరేవుల, కట్టడాల వైపు మొగ్గు ఉన్నవారికి మద్రాసు ఐ.ఐ.టి.లోని సముద్ర ఇంజనీరింగు విభాగం ఉన్నాయి. హైదరాబాదు కేంద్రానికి అనుబంధంగా 2013లో నెలకొల్పిన అంతర్జాతీయ శిక్షణ కేంద్రంలో అనేక దేశాలవారు స్వల్పకాలిక శిక్షణ పొందుతున్నారు. విదేశాలలో వుడ్స్ హోల్ సంస్థ, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ కలిసి 1968 నుండి నడుపుతున్న ఉమ్మడి కార్యక్రమం పేరెన్నికగన్నది. పట్టా ఎక్కడిదన్నది అంత ముఖ్యం కాదు. చదివే రెండు మూడేళ్ళలో ఎన్ని రోజులు ఓడ మీద గడిపారు, ఎన్ని అంకెలను స్వయంగా అనుమానించి సరిచూశారు అన్నది ముఖ్యం. తరగతి గదిలో సిద్ధాంతం మాత్రమే చెప్పి పరికరాన్ని గాజు బీరువాలో దాచే పద్ధతి కొన్నిచోట్ల ఇంకా పోలేదు. ఓడకాలం ఖరీదైనదన్న మాట నిజమే. కాని ఓడ ఎక్కని సముద్రశాస్త్రజ్ఞుడు రోగిని చూడని వైద్యుని వంటివాడు.

నాలుగు వేల మీటర్ల అడుగున

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 28 నిమిషాలకు సుమత్రా వద్ద సముద్రగర్భం కదిలింది. అలలు చెన్నై తీరాన్ని చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటలు ఎవరికీ పనికిరాలేదు. భూకంపలేఖినులు భూకంపాన్ని గుర్తించాయి. కాని నడిసముద్రంలో నీరు లేచిందా, లేదా అని చెప్పే పరికరం హిందూ మహాసముద్రంలో ఒక్కటీ లేదు. పధ్నాలుగు దేశాలలో రెండు లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. వారిలో పదివేలమందికి పైగా మన దేశీయులు.

2007 అక్టోబరులో హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పని ప్రారంభించింది. దాని కళ్ళు సముద్రం అడుగున ఉన్నాయి. వేల మీటర్ల లోతున కూర్చున్న పీడనమాపకం తన మీద నిలిచిన నీటి బరువును తూస్తూ ఉంటుంది. నడిసముద్రంలో సునామీ ఎత్తు చాలా తక్కువ. పైన పోయే ఓడకు తెలియనే తెలియదు. కాని నీటిమట్టం కొద్ది సెంటీమీటర్లు పెరిగినా అడుగున ఉన్న మాపకానికి తెలుస్తుంది. రేడియో తరంగాలు నీటిలో దూరం పోలేవు కనుక మాపకం తన మాటను ధ్వని రూపంలో పైన ఉన్న బోయ్‌కు చెబుతుంది. బోయ్ ఉపగ్రహానికి చెబుతుంది. పోటుపాటుల వల్ల రోజూ పెరిగి తరిగే బరువు నుండి సునామీ బరువును వేరుచేయడం, మాపకం తనంతట తాను జారుతూ చూపే తప్పును కనిపెట్టడం మళ్ళీ మనం చెప్పుకున్న చదువే.

2012 ఏప్రిల్ 11న ఆ చదువుకు పరీక్ష వచ్చింది. మధ్యాహ్నం 2 గంటల 8 నిమిషాలకు సుమత్రాకు పడమట 8.6 తీవ్రతతో భూమి కంపించింది. అంత పెద్ద భూకంపం, అదే దిక్కు, 2004 జ్ఞాపకం ఇంకా ఆరలేదు. కొద్ది నిమిషాలలోనే హైదరాబాదు కేంద్రం హెచ్చరిక పంపింది. నికోబార్ దీవులకు తీవ్రమైన హెచ్చరిక, తూర్పు తీరానికి అప్రమత్తత. విశాఖ, చెన్నై సముద్రతీరాల నుండి జనాన్ని పంపివేశారు. రెండు గంటల తరువాత అదే ప్రాంతంలో 8.2 తీవ్రతతో మరొక కంపం వచ్చింది.

తీరం నుండి ఎందరిని తరలించాలి, ఎంతసేపు దూరంగా ఉంచాలి అన్న ప్రశ్నకు జవాబు సముద్రం అడుగు నుండి రావాలి. ఈసారి భూఫలకాలు పైకి లేవలేదు. ఒకదానిని ఒకటి రాసుకుంటూ ప్రక్కకు జరిగాయి. అటువంటి కదలిక నీటిని పెద్దగా ఎత్తదు. సిద్ధాంతం చెప్పిన ఈ మాటను అడుగున ఉన్న పీడనమాపకాలు ధ్రువపరచాయి. అవి చూపిన మార్పు కొద్ది సెంటీమీటర్లే. ఆ చిన్న అంకెను నమ్మవచ్చునని కేంద్రంలోని వారు నిర్ణయించుకున్నారు. సాయంకాలానికి హెచ్చరికను ఉపసంహరించారు. విశాఖ తీరపు పల్లెలలో ఎత్తైన చోట్లకు వెళ్ళినవారు పిల్లలను వెంటబెట్టుకుని ఇళ్ళకు తిరిగి వచ్చారు.